ఎడమవైపు పేరు

"నేనెవర్నీ చంపలేదు. ఇటు పేర్లు అటు రాశానంతే."

కిందటి వారం మన కథ ఈ మాట దగ్గర ఆగింది. అన్నవాడు సిల్వియు. ఊరూరా తిరిగి బావుల్లో పూడిక తీసి బతికే ముప్ఫై మూడేళ్ళ మనిషి. నలుగురు ఒంటరి ఆడవాళ్ళని చంపి పాడుబడ్డ బావుల్లో పడేశాడు. రుమేనియా పేపర్లన్నీ వాడికి 'బావుల మనిషి' అని పేరు పెట్టి పండగ చేసుకున్నాయి. ఐదో ఆవిడ, ఉత్తరాలు పంచే ఓతిలియా, ఎనిమిది రోజులుగా కనపడటం లేదు. బతికుందో లేదో వాడు చెప్పడు. పోయిన ఆదివారం సంకెళ్ళు పడ్డ దగ్గర్నుంచీ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నవాడు, శుక్రవారం సాయంత్రం రుక్సాంద్ర ముందు ఆ ఒక్క మాట అని మళ్ళీ నోరు మూసుకున్నాడు.

పిచ్చి ముదిరిందన్నారు పోలీసులు. పదిహేనేళ్ళుగా హంతకుల ఎదురుగా కూర్చుని వాళ్ళ చిన్నతనాలు తవ్వి చూడటమే పనిగా పెట్టుకున్న డాక్టర్ రుక్సాంద్ర మాత్రం ఆ మాటని ఇంటికి మోసుకెళ్ళింది. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటుంటే వాళ్ళ నాయనమ్మ పేర్ల పుస్తకం గుర్తొచ్చింది. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం. ఎడమ పేజీలో బతికున్నవాళ్ళ పేర్లు, కుడి పేజీలో పోయినవాళ్ళవి. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ఫాదర్ చేతిలో పెడితే, అందరి పేర్లూ పైకి చదివి, ప్రార్థన చేసి తిరిగిచ్చేవాడు. ఇంట్లో ఎవరైనా పోతే, నాయనమ్మ ఎడమవైపు ఆ పేరు కొట్టేసి కుడివైపు రాసుకునేది.

ఇటు పేరు అటు. కాఫీ పొంగి పొయ్యంతా పాడైంది. తుడుచుకునే ఓపిక కూడా లేక కారు తాళాలు అందుకుంది రుక్సాంద్ర.

శనివారం పదిన్నరకి ఆమె ఊర్సెని గ్రామంలో, సిల్వియు తల్లి పరాస్కివ ఇంటి ముందు నిలబడి ఉంది. చర్చి ఫాదర్ గెరాసిమ్ దగ్గరికి ముందే వెళ్ళొచ్చింది. "ప్రతి ఆదివారం తెచ్చేది పుస్తకం. మొన్న ఒక్క ఆదివారం తేలేదు. కొడుకుని చర్చి గుమ్మంలోనే పట్టుకుపోయారు కదా, ఇంకేం తెస్తుంది పాపం," అన్నాడాయన.

గేటు దగ్గర కమిషనర్ న్యాగు సిగరెట్ కాలుస్తూ కనిపించాడు. యాభై దాటిన మనిషి. ఆరు రోజులుగా నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పన్నెండింటికి తవ్వకాలు ఆపెయ్యమని పైనుంచి ఆర్డరు, డాక్టరమ్మా. ఇరవై మూడు బావులు దిగి చూశాం. ఇంక ఈ జిల్లాలో బావులు లేవు."

"ఆమె బతికే ఉండొచ్చు."

"మొదటి నలుగురూ ఉన్నారా?" పొగ వదిలాడు. "ఇప్పుడు మీరు లోపలికెళ్ళి, వాడికి చిన్నప్పుడు ఎవరు ముద్దు పెట్టలేదో, ఎవరు కొట్టారో కనుక్కుంటారు. మా నాన్న నన్ను బెల్టుతో చావగొట్టాడు. నేనేమయ్యాను? పోలీసునయ్యాను."

"మీకు బెల్టు ఇచ్చారు కదా పోలీసులు కూడా."

న్యాగుకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "మొక్కై వంగనిది మానై వంగదంటారు. వాడు పుట్టుకతోనే వంకర."

"ఆ మొక్కని ఎవరు ఎటు వంచారో చూసొస్తాను. గంట టైమివ్వండి."

"గంటన్నర ఉంది. తీసుకోండి." అని, ఏదో గుర్తొచ్చి తల విదిలించాడు. "కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. సంకెళ్ళు వేస్తుంటే కూడా తల్లితో ఏమన్నాడో తెలుసా? 'అమ్మా, సిల్వియు దగ్గర తిండి పెట్టు, మర్చిపోకు' అని. చచ్చిపోయిన అన్న పేరు కూడా సిల్వియేనట. ఆ అన్న సమాధి మీద తిండి పెట్టమని. నలుగుర్ని చంపినవాడికి చచ్చిన అన్న మీద ఎంత ప్రేమో చూడండి. నేను టోపీ తీశాను తెలుసా అప్పుడు. తీశాక నా మీద నాకే ఒళ్ళు మండింది."

పోయినవాళ్ళ పేరు మీద సమాధి దగ్గర తిండి పెట్టడం, దారినపోయేవాళ్ళకి పంచడం అందరూ చేసేదే. రుక్సాంద్ర తలూపి లోపలికి వెళ్ళింది. ఆ మాట విన్న ఎనిమిది మంది పోలీసుల్లో ఒక్కడికీ తట్టనిది ఆ క్షణాన ఆమెకీ తట్టలేదు.

పరాస్కివ వంటింట్లో ఉంది. నల్ల గౌను, నల్ల తలగుడ్డ. ఉడికించిన గోధుమల్లో పంచదార, వాల్‌నట్ పొడి కలుపుతోంది. సమాధుల దగ్గర పంచే తీపి అది. శనివారం కదా, చచ్చిపోయినవాళ్ళ రోజు. ముందర జేబున్న ఏప్రన్‌లోంచి సన్నటి మైనపు వత్తి తొంగి చూస్తోంది.

"మళ్ళీ ఎందుకొచ్చావమ్మాయ్? ఇల్లంతా తిరగేసి పోయారుగా మీవాళ్ళు. కోళ్ళగూడు కూడా వదల్లేదు."

"నేను పోలీసుని కాదు, పెద్దమ్మా. మీ పేర్ల పుస్తకం చూడాలి."

గరిటె ఆగింది. అంతే చాలు రుక్సాంద్రకి. వచ్చిన చోటు సరైనదే.

"దాంట్లో ఏముంది చూడ్డానికి? నాకు అచ్చరాలే రావు."

"మరి రాసేదెవరు?"

"చిన్నోడే. ఒకటో తరగతిలో అచ్చరాలు రాగానే వాడి చేతే రాయించా. అప్పట్నించీ వాడే." ముసలావిడ గిన్నె పక్కకి తోసింది. "నాకేం తెలీదమ్మా. చచ్చి ఏ లోకానున్నాడో మా ఆయన, ఆయన మీదొట్టు, నాకేం తెలీదు."

"మీకు అక్షరాలు రావు గానీ చెవులున్నాయి. ఫాదర్ పైకి చదువుతారు. కొత్త పేరు వినపడితే మీకు తెలుస్తుంది. మూడేళ్ళలో నాలుగు కొత్త పేర్లు విన్నారు మీరు, చచ్చిపోయినవాళ్ళలో. ఎవరని అడగలేదా వాణ్ణి?"

పరాస్కివ గోడ మీద దేవుడి పటం వైపు చూసింది. తర్వాత స్టూలు మీద కూలబడి, ఏప్రన్ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది.

"అడిగాను. 'ఎవరో దిక్కులేని ఆవిడమ్మా, మనం తప్ప ఎవరు వత్తి వెలిగిస్తారు' అన్నాడు. నేను వెలిగించా. వాళ్ళ కోసం ఏడ్చా కూడా. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని నా మొహంలోకే చూసేవాడమ్మా, కన్నార్పకుండా. తర్వాత టీవీలో అవే పేర్లు. ఒకటి కాదు, రెండు కాదు."

"అయినా చెప్పలేదు మీరు."

"కన్నాను కదే! ఎలా చెప్పేది?"

రుక్సాంద్రకి కోపం నషాళానికంటింది. మూడో ఆవిడ పేరు చర్చిలో చదివిన రోజున ఈమె నోరు తెరిచి ఉంటే నాలుగో ఆవిడ ఇవాళ బతికుండేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇప్పుడు కావలసింది ఓతిలియా.

"పుస్తకం ఇవ్వండి."

పటం వెనకనుంచి తీసిచ్చింది ముసలావిడ. నూనె మరకలతో అట్ట నల్లబడి ఉంది. రుక్సాంద్ర కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కుడి పేజీ తెరిచింది. మొట్టమొదటి పేరు, పెన్సిల్‌తో, ఒక్కో అక్షరం గింజంత లావు, వంకరటింకర: సిల్వియు. దాని కింద తాతల పేర్లు, తండ్రి పేరు. కిందికి వస్తున్నకొద్దీ చెయ్యి కుదురుకుంది, అక్షరాలు పెద్దవాడివయ్యాయి. చిట్టచివర నాలుగు ఆడపేర్లు, నీలం ఇంకుతో, ఎక్కడా చెయ్యి వణకకుండా.

ఐదోది లేదు.

ఎడమ పేజీ చూసింది. పరాస్కివ పేరు, ఆమె తమ్ముడి పేరు, మేనకోడళ్ళ పేర్లు. అన్నిటికంటే కింద, అదే నీలం ఇంకు: ఓతిలియా.

"బతికుంది," అంది రుక్సాంద్ర. తనకి తెలియకుండానే గట్టిగా అంది. "పెద్దమ్మా, రాసేనాటికి ఆమె బతికే ఉంది. బతికున్నవాళ్ళలో రాశాడు!"

పరాస్కివ శిలువ గుర్తు వేసుకుంది.

ఎందుకు రాశాడు? నలుగుర్ని ఆ వైపు రాసినవాడు ఈమెనొక్కదాన్ని ఈ వైపు ఎందుకుంచాడు? ఆ ప్రశ్నకి జవాబు జైల్లో ఉంది, వాడి నోట్లో. ఎక్కడ అన్నదే ఇప్పటి ప్రశ్న. రుక్సాంద్ర పేజీని వెలుతురుకి ఎత్తి పట్టింది, ఇంకేదైనా రాసి చెరిపాడేమోనని. చెరిపిన చోటొకటి కనిపించింది. కానీ కింద కాదు, పైన, తల్లి పేరు పక్కనే. ఎవరో తడివేలితో రుద్ది రుద్ది కాగితం పలచబడిపోయింది. ఆ మసకలో గింజంత లావు పెన్సిల్ అక్షరాలు: సిల్వియు.

"ఇది ఎవరు చెరిపారు?"

ముసలావిడ చూడకుండానే చెప్పింది. "నేనే."

"మీకు చదవడం రాదుగా."

"ఆ ఒక్క పేరు గుర్తు పడతాను. సమాధి శిలువ మీద రోజూ చూసేదేగా." గొంతు సవరించుకుంది. "పెద్దోడు పోయిన ఏడాదికే వీడు పుట్టాడు. ఆ పేరే పెట్టుకున్నాం. అచ్చరాలు రాగానే పెద్దోడి పేరు పోయినోళ్ళ వైపు రాయించా. వీడు వాడంతట వాడే తన పేరు బతికున్నోళ్ళ వైపు రాసుకుని, 'అమ్మా, నేనూ ఉన్నాను చూడు' అని ఎగురుకుంటూ వచ్చాడు. నేను వేలు తడిచేసి రుద్దేశాను."

"ఎందుకు?"

"ఒకటే పేరు రెండు వైపులా ఉంటే చావు పొరబడుతుందమ్మా! మా అత్తగారు చెప్పేది. ఆ సిల్వియు కోసం చేసిన ప్రార్థన ఈ సిల్వియుకి తగిలితే? ఒకణ్ణి పోగొట్టుకున్నా. రెండోవాణ్ణి కాపాడుకోవద్దా?"

"ఆ సంగతి వాడికి చెప్పారా?"

"ఏడేళ్ళ వెధవకి అవన్నీ ఏం చెప్తాం? 'నీకక్కర్లేదు' అన్నాను."

రుక్సాంద్ర కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. కాపాడుకోవాలని చెరిపింది తల్లి. బతికున్నవాళ్ళలో నీకు చోటు లేదని చదువుకున్నాడు పిల్లవాడు. ఇరవై ఆరేళ్ళపాటు, ప్రతి వారం, తన పేరు చచ్చిపోయినవాళ్ళ వరసలో మొదట చదవగా విన్నాడు. ఆ పేరు వినగానే తల్లి ఏడవడం చూశాడు. అమ్మ కన్నీళ్ళు కావాలంటే ఆ వైపు ఉండాలని వాడికి అర్థమైంది.

ఇలా పెరిగినవాళ్ళందరూ హంతకులవుతారా? కారు. చెరిపేసిన పేర్లతో పెరిగినవాళ్ళు ఈ దేశంలో లక్షలమంది ఉన్నారు. రొట్టెలు కాల్చుకుంటున్నారు, బస్సులు నడుపుకుంటున్నారు, పిల్లల్ని ముద్దుచేస్తున్నారు. అందుకే రుక్సాంద్ర ఏనాడూ ఇదే కారణమని రిపోర్టులో రాయలేదు. అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. ఆమె పుస్తకం మూసి ముసలావిడ వైపు తిరిగింది.

"కొట్టేవారా వాణ్ణి?"

"ఎవరు కొట్టరు?" పరాస్కివ ఎదురు తిరిగింది. "నిన్ను కొట్టలేదా మీ అమ్మ? వీడు మొండి. పెద్దోడు వెన్నముద్ద. నాలుగేళ్ళకే అందరికీ దణ్ణం పెట్టేవాడు, ఏది పెడితే అది తినేవాడు."

"చచ్చినవాడి కళ్ళు చారెడు, పెద్దమ్మా."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది ముసలావిడకి. తర్వాత వచ్చిన గొంతు మొదటి గొంతు కాదు.

"ఒకసారి గుడ్లు దొంగిలించి అబద్ధమాడాడు. ఎనిమిదేళ్ళేమో. మా ఆయన తాగున్నాడు. నాకూ ఒళ్ళు తెలీలేదు. చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి, 'ఇందులోనే ఉన్నాడు నీ అన్న, బంగారం లాంటోడు. నువ్వు దిగు, వాణ్ణి పైకి పంపు' అన్నాను. మా ఆయన నడుముకి తాడు కట్టి దింపాడు. పొద్దు వాలిందాకా తియ్యలేదు. నేను తియ్యమనలేదు." చేతులు చూసుకుంది. "తీశాక ఏడవలేదమ్మా వాడు. 'కింద ఎవరూ లేరమ్మా, నేనొక్కణ్ణే ఉన్నా' అన్నాడు."

రుక్సాంద్ర మెల్లగా ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. తను అడగబోయే మాటకి జవాబు ఆమెకి ముందే తెలిసిపోయింది.

"దేంట్లోకి దింపారు?"

"బావిలోకి. పెద్దోడు పడి పోయిన బావి. పైన పాత ప్లమ్ తోటలో. ఎప్పుడో చెక్కలేసి మూసేశాం, ముళ్ళకంపలు పెరిగిపోయాయి. అటెవరూ పోరు, ఆ మాట ఎవరూ ఎత్తరు."

"పోలీసులకి చెప్పారా ఆ బావి సంగతి?"

"వాళ్ళు వాడు పని చేసిన బావులే అడిగారు. అది మా ఇంటి చావు, వాళ్ళకెందుకు?"

"పెద్దమ్మా." రుక్సాంద్ర ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఆదివారం వాడు వెళ్తూ మీకేం చెప్పాడు?"

"సిల్వియు దగ్గర తిండి పెట్టమన్నాడు. పెడుతున్నా. ఆరు రోజుల్నించీ రోజూ రొట్టె, జున్ను, సీసాడు నీళ్ళు, సమాధి మీద..."

మాట అక్కడే తెగిపోయింది.

కలిపిన గోధుమల గిన్నె వైపు చూసింది పరాస్కివ. తర్వాత తలుపు వైపు. సమాధి దగ్గర పెట్టిన రొట్టెలు కుక్కలు తిన్నాయి, నీళ్ళు గడ్డి తాగింది. సిల్వియు ఎక్కడున్నాడో వాడికి చెప్పింది తనే. ఒక్కసారే చెప్పింది, కోపంలో. తను మర్చిపోయింది. వాడు మర్చిపోలేదు.

"ఓరి దేవుడా," అని లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి, తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా, పెరటి గుమ్మంలోంచి కొండ వైపు పరుగెత్తింది.

రుక్సాంద్ర వీధిలోకి ఒక్క కేక పెట్టింది. "కమిషనర్ గారూ! తాడు! బకెట్! పైన తోటలోకి!"

"ఏ తోట?"

"ఇరవై నాలుగో బావి!"

ముళ్ళు గీరుకుపోయి, రొప్పుతూ, ముగ్గురూ కంపల మధ్యకి చేరేసరికి పదకొండున్నర దాటింది. కంపలు బయటినుంచి చూస్తే దట్టంగా ఉన్నాయి గానీ, లోపల మనిషి పట్టేంత దారి కొడవలితో నరికి ఉంది. చెక్కల మీద పాత నాచు, మేకులు మాత్రం కొత్తవి. న్యాగు నోట్లోంచి బూతుమాట వచ్చింది. తనని తానే తిట్టుకున్నాడు. "నా చెవులతో నేనే విన్నాను కదరా, నా చెవులతోనే!" అంటూ ఇనుపకడ్డీతో మొదటి చెక్క పెకలించాడు. తర్వాత రెండోది. చల్లటి కుళ్ళువాసన మొహాన కొట్టింది.

"ఓతిలియా!" రుక్సాంద్ర వంగి అరిచింది.

తన గొంతే తిరిగొచ్చింది.

"ఓతిలియా! పోలీసులం! వినపడుతోందా?"

ఏమీ లేదు. న్యాగు నడుముకి తాడు చుట్టుకోబోతుంటే పరాస్కివ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు నాయనా. మూసిపెట్టిన బావిలో చెడుగాలి ఉంటుంది. ముందు దీపం దించాలి. ఆరితే మనిషి దిగకూడదు." ఏప్రన్ జేబులోంచి మైనపు వత్తి తీసింది. పెద్ద కొడుకు సమాధి మీద వెలిగించాలని పెట్టుకున్న వత్తి. "మా చిన్నోడు ఎప్పుడూ అలాగే చేసేవాడు."

బకెట్ అడుగున మైనం కరిగించి వత్తి నిలబెట్టింది. న్యాగు తాడు పట్టుకుని మూర మూరగా వదిలాడు. ఐదు మూరలు. పది. వెలుగు రాళ్ళ మీద పాకుతూ కిందికి దిగింది. పదిహేను. సన్నబడింది. ఇరవై మూరల దగ్గర తాడు వదులైంది, బకెట్ నేలకి ఆనింది. చుక్కంత వెలుగు అల్లల్లాడి నిలబడింది.

"ఆరలేదు," అంది పరాస్కివ గొణుగుతూ. "గాలుంది."

"గాలుంది సరే," అన్నాడు న్యాగు. "మనిషి ఉందా?"

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. న్యాగు తాడుని రాయికేసి కట్టి, కోటు విప్పుతున్నాడు. రుక్సాంద్ర ఆ వెలుగు మీంచి చూపు తిప్పలేదు. అందుకే ఆమె ఒక్కతే చూసింది.

తాడు కదల్లేదు. బకెట్ కదల్లేదు. లోపల వెలుగు మాత్రం బకెట్‌లోంచి పైకి లేచి, మెల్లగా పక్కకి జరిగింది.